వంటింటి చెత్త, పెరటి ఎరువు: మన ఎండకూ ఉప్పునీటికీ తగిన పద్ధతి

నెల్లూరు ఇళ్ళలో చేపల పులుసు పెట్టిన పూట వంటింటి గట్టు మీద ఏమేమి మిగులుతాయో ఒక్కసారి గమనించండి. ఎర్రగడ్డల పొట్టు, తెల్లగడ్డల తొక్కలు, కరివేపాకు ఈనెలు, పిసికి రసం తీసిన చింతపండు పిప్పి, పులుసులోకి కోసిన మామిడికాయ జీడి, చేప పొలుసు, పేగులు, ముక్కలను రాళ్ళుప్పూ పసుపూ వేసి రుద్ది కడిగిన నీళ్ళు, అంతకు ముందే అన్నానికి కడిగిన బియ్యం నీళ్ళు ఉంటాయి. ఇవన్నీ ఒకే బుట్టలో పడితే సాయంత్రానికి ముక్కు మూసుకోవలసిన చెత్త అవుతుంది. విడదీస్తే దేని దారి దానికి ఉంది. పొట్టు, తొక్కలు, ఈనెలు, పిప్పి, జీడి కంపోస్టు కుండలోకి వెళతాయి. పొలుసు, పేగులు అరటి పాదిలో మట్టి కిందికి వెళతాయి. బియ్యం నీళ్ళు నేరుగా మొక్క మొదట్లోకి వెళతాయి. ఉప్పు వేసి కడిగిన నీళ్ళు మాత్రం ఏ మొక్క దరిదాపులకూ రాకూడదు.

మన ప్రాంతానికి వేరే పద్ధతి ఎందుకు కావాలో ముందు చెప్పాలి. మిద్దె తోటల గురించి వచ్చే సలహాలలో చాలా వరకు జూన్‌లో వానలు మొదలై, నీళ్ళు తియ్యగా ఉండే ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి. నెల్లూరు జిల్లాలో సంవత్సరపు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్లా తుపానుల వల్లా కురుస్తుంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. సముద్రానికి దగ్గరలో నేల ఇసుక. పోసిన నీరూ వేసిన ఎరువూ రెండూ అందులో నిలవవు. కావలి, ఒంగోలు, పొదిలి, కనిగిరి, ఎటు చూసినా బోరు నీళ్ళు ఎక్కువ చోట్ల ఉప్పగానో, కాల్షియం లాంటి లవణాలు ఎక్కువై గట్టిగానో ఉంటాయి. ఇసుక నేలకు నీటిని పట్టి ఉంచే గుణం రావాలంటే చివికిన ఆకు, చివికిన తొక్క కలవడం కంటే చవకైన మార్గం లేదు. అందుకే వంటింటి చెత్త మనకు మరింత విలువైనది.

ముందు ఎండుటాకు, తరువాతే చెత్త

ఇంట్లో కంపోస్టు చేయడం మొదలుపెట్టి మానేసిన వారిని ఎందుకు మానేశారని అడిగితే వాసన, పురుగులు అనే రెండు కారణాలే చెబుతారు. ఆ రెండింటికీ మూలం ఒక్కటే: ఎండుటాకు చాలకపోవడం. కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై పాళ్ళకు పైగా నీరే ఉంటుంది. వాటిని వాటి పాటికి వదిలేస్తే నీరు వదిలి ముద్దగా దిగబడిపోతాయి, లోపలికి గాలి ఆడదు, గాలి లేని చోట కుళ్ళించే సూక్ష్మజీవులు చేరి దుర్వాసన పుట్టిస్తాయి. పైగా చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు ఒక పాలు నత్రజనికి ఇరవై అయిదు, ముప్ఫయి పాళ్ళ కర్బనం ఉంటే బాగా పని సాగుతుంది. పచ్చి తొక్కల్లో అంత కర్బనం ఉండదు, ఎండుటాకులో కావలసిన దానికన్నా ఎక్కువ ఉంటుంది. కనుక ఒక గిన్నెడు పచ్చి చెత్తకు రెండు గిన్నెల ఎండుటాకు అన్న కొలతను ఏ రోజూ తప్పకూడదు.

పచ్చి చెత్త ప్రతి రోజూ వస్తుంది గానీ ఆకు ఏడాదికి ఒకసారే విరివిగా దొరుకుతుంది. వేప, కానుగ చెట్లు శివరాత్రి ముందు నుంచి ఉగాది దాటే దాకా ఆకు రాలుస్తాయి. వీధి ఊడ్చే వారు పోగు చేసి నిప్పు పెట్టే ఆ ఆకును అడిగి తెచ్చుకుని, ఎండిన దానిని పాతిక కేజీల బియ్యం సంచుల్లో కాలితో తొక్కి నింపి, వాన తగలని చోట దాచిపెట్టండి. నలుగురున్న ఇంటికి ఎనిమిది నుంచి పది సంచులు కావాలి. మా ఇంట్లో మొదటి ఏడాది నేను మూడు సంచులే దాచాను. దసరా నాటికి అవి అయిపోయాయి, కార్తీకంలో ముసురు పట్టింది, బయట ఎక్కడా పొడి ఆకు దొరకలేదు. కుండలో చెత్త జావ అయిపోయి, తెల్లటి పురుగులు మిద్దె మెట్ల మీదికి పాకుతూ వచ్చాయి. ఇంట్లో వాళ్ళు కుండను తీసేయమన్నారు, అప్పటికి వారి మాటే న్యాయం. మరుసటి ఏడాది పది సంచులు నింపాక ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు.

ఆకు చాలని వారికి ఇతర దారులు లేకపోలేదు. వరి మిల్లుల దగ్గర ఊక దొరుకుతుంది. అది చివకడానికి చాలా కాలం తీసుకున్నా చెత్తను గుల్లగా ఉంచుతుంది కనుక ఆకులో పావు వంతు దాకా కలపవచ్చు. వేరుశనగ తొక్కలు, తీరం వెంట సరుగుడు తోపుల్లో రాలిన ఆకు, విడదీసిన టెంకాయ పీచు, టేపూ రంగు కాగితమూ తీసేసిన అట్టపెట్టెల ముక్కలు అన్నీ పనికివస్తాయి. ప్లైవుడ్ కోసిన రంపపు పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు రసాయనాలు ఉంటాయి.

కుండ నింపే తీరు

నలభై, యాభై లీటర్లు పట్టే పెద్ద మట్టి కుండలు గానీ పాత ప్లాస్టిక్ డ్రమ్ములు గానీ రెండు తీసుకోండి. ఒకటి నిండి మాగుతూ ఉండగా రెండోది నింపుకోవాలి కనుక రెండూ అవసరమే. అడుగున అయిదారు, చుట్టూ బెత్తెడు ఎడంగా మరికొన్ని వేలు పట్టేంత రంధ్రాలు పెట్టించి, నేలకు ఆనకుండా మూడు ఇటుకల మీద నిలపండి. మట్టి కుండ గోడ గుండా తేమ ఆరుతుంది కనుక వానాకాలంలో అది మేలు. వేసవిలో డ్రమ్ము మేలు. ఏదైనా సరే పొద్దున ఎండ మాత్రమే తగిలే మూలన పెట్టాలి. మే నెల మధ్యాహ్నపు ఎండలో మిద్దె మీద పెట్టిన డ్రమ్ములో చెత్త చివకదు, వరుగులా ఎండిపోతుంది.

అడుగున పెంకు ముక్కలూ టెంకాయ పీచూ రెండంగుళాల మందాన పరిచి, దాని మీద నాలుగంగుళాల ఎండుటాకు వేయండి. ఆ పైన రోజూ వచ్చే చెత్తను అంగుళం ముక్కలుగా తరిగి వేయాలి. అరటి దూట, సొరకాయ తొక్క, మొక్కజొన్న కంకి లాంటివి తరగకుండా వేస్తే ఆరు నెలలైనా గుర్తుపట్టేట్టుగానే ఉంటాయి. చెత్త వేసిన వెంటనే దానికి రెండింతల ఆకు కప్పండి. పై నుంచి చూస్తే ఆకు తప్ప ఒక్క తొక్క కూడా కనబడకూడదు. ఈగ గుడ్లు పెట్టేది ఆ కనబడే తొక్క మీదే. మొదట్లో సూక్ష్మజీవుల కోసం ఒక గుప్పెడు పాత ఎరువో, గ్లాసుడు పేడనీళ్ళో, పుల్లమజ్జిగో చిలకరిస్తే చాలు. మార్కెట్లో అమ్మే పొడులు వాడితే తప్పు లేదు, అవి లేకపోతే పని ఆగదు.

వారానికి ఒకసారి చిన్న కర్రతోనో పారపిడితోనో అడుగు దాకా కలిపి, ఒక పిడికెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ళ సందుల నుంచి ఒకటి రెండు చుక్కలు రాలితే తేమ సరిగ్గా ఉన్నట్టు. ధార కారితే మరో రెండు దోసిళ్ళ ఆకు వేసి కలపాలి; చుక్క రాకుండా పొడిపొడిగా విడిపోతే బియ్యం కడిగిన నీళ్ళు చల్లాలి. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి చాలడం లేదని, ఘాటుగా ముక్కు మండేట్టు ఉంటే పచ్చి చెత్త ఎక్కువైందని గ్రహించండి. రెండింటికీ మందు ఆకే. బూడిద రంగులో బద్దపురుగుల్లాంటివి కనబడితే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. ఆ ఈగ కుట్టదు, అన్నం మీద వాలదు. ఆ పురుగులు చెత్తను వేగంగా తినేస్తాయి కనుక చంపవలసిన పని లేదు.

కుండ నిండిన తరువాత మూత వేసి, పది రోజులకొకసారి కలుపుతూ ఉంటే వేసవిలో రెండు నెలలకు, చలికాలంలో మూడు నెలలకు చెత్త మూడో వంతుకు దిగి, నల్లగా, తొలకరి జల్లు పడ్డ నేల వాసనతో తయారవుతుంది. మాగిందో లేదో తేల్చుకోవడానికి వంటింట్లోనే పరీక్ష ఉంది. చిన్న గిన్నెలో ఆ ఎరువు పోసి పది మెంతులు చల్లి తడపండి. అయిదారు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది మొలిచి ఆకు పచ్చగా విచ్చుకుంటే వాడుకోవచ్చు. మొలక కుళ్ళినా, కొసలు మాడినా మరో మూడు వారాలు ఆగాలి. పచ్చి ఎరువు వేసి మొక్కను పోగొట్టుకోవడం కంటే ఆగడమే మంచిది.

కుండలో వేయకూడనివి, వేరుగా వేయవలసినవి

ఉప్పు గురించి మన జిల్లాల వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఊరగాయ అడుగు, ఎండుచేపలు నానబెట్టిన నీళ్ళు, మిగిలిన పులుసు, అప్పడాల ముక్కలు, వీటిలో ఉన్న ఉప్పు ఎంత కాలం మాగబెట్టినా ఎక్కడికీ పోదు, ఎరువులోనే ఉండిపోతుంది. ఇప్పటికే ఉప్పు నీళ్ళు పోస్తున్న కుండీకి ఆ ఎరువు చేరితే మొక్క తట్టుకోలేదు. నూనె ఎక్కువున్న కూరలు కూడా వద్దు. ఉప్పు వేయకుండా వార్చిన గంజి, కాస్త మిగిలిన తెల్లన్నం ఆకులో కలిపి వేయవచ్చు.

చేప, రొయ్య వ్యర్థాలను మిద్దె మీది కుండలో వేయకండి. పిల్లులు, కాకులు, వాసన మూడూ తప్పవు. పెరడు ఉన్న వారు అడుగున్నర లోతు గుంట తీసి, వాటిని వేసి, పైన గుప్పెడు ఆకు, ఆపైన తీసిన మట్టి అంతా కప్పి, కుక్కలు తవ్వకుండా ఒక బండరాయి పెట్టాలి. అరటి, టెంకాయ, మునగ చెట్లకు మూడడుగుల దూరంలో ఇలా చుట్టూ చోటు మారుస్తూ పూడ్చుతూ పోతే ఒక ఏడాదిలో చెట్టు చుట్టూ వలయం పూర్తవుతుంది. రొయ్యల పొట్టులో నత్రజని, కాల్షియంతో పాటు కైటిన్ అనే పదార్థం ఉంది. దానిని తినే సూక్ష్మజీవులు నేలలో పెరిగితే, ఇసుక నేలల్లో వంగ, టమాట, బెండ వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగుల గుడ్లను కూడా అవి దెబ్బతీస్తాయి, ఎందుకంటే ఆ గుడ్ల పెంకులోనూ కైటిన్ ఉంటుంది. రొయ్యల చెరువులున్న మన ప్రాంతంలో ఇంత మంచి పదార్థం బుట్టదాఖలు కావడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పెరడు లేని వారు చేప పేగులను అంతే బరువు బెల్లంతో మట్టిపాత్రలో కలిపి, పలుచని గుడ్డ కట్టి మూడు నాలుగు వారాలు నీడలో ఉంచి, దిగిన ద్రవాన్ని వడకట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున మొక్క మొదట్లో పోయవచ్చు.

కోడిగుడ్డు పెంకు నూటికి తొంభై అయిదు పాళ్ళ దాకా కాల్షియం కార్బొనేటే. అది నేలలో కరగడానికి ఏళ్ళు పడుతుంది, పైగా గట్టి బోరు నీళ్ళు పోసే కుండీలకు కాల్షియం కొరత ఉండదు. టమాట కాయ అడుగు నల్లబడి కుళ్ళితే చాలా మంది పెంకుల పొడి వేస్తారు. అసలు కారణం ఎక్కువ సార్లు నీళ్ళు ఒక రోజు పోసి రెండు రోజులు మరవడమే. పెంకులను నలిపి కంపోస్టులో వేయండి, అంతకు మించి ఆశించకండి. కట్టెల పొయ్యి బూడిద కూడా క్షారమే కనుక మన కుండీలకు చిటికెడు మించి వద్దు. టీ పొడిని పంచదార పోయేట్టు కడిగి వేయవచ్చు. పొదలకూరు వైపు నిమ్మతోటలున్న ఇళ్ళలో నిమ్మ తొక్కలు గంపెడు వస్తాయి. అవి ఒకేసారి వేస్తే కుండలో పని మందగిస్తుంది కనుక రోజుకు నాలుగైదు తొక్కల చొప్పున, సన్నగా తరిగి వేయాలి. పూజ పూలను దారం తీసి వేయండి, నైలాన్ దారం ఎరువులో ఏళ్ళ తరబడి ఉంటుంది.

పురుగు పట్టిన శనగపిండి, నీరు కారిన పాత బెల్లం పారేయవలసిన పని లేదు. 20 లీటర్ల బకెట్టు నీళ్ళలో కేజీ ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పిండి, చెట్టు కింది మట్టి గుప్పెడు కలిపి, నీడలో ఉంచి, రోజుకు రెండు సార్లు కర్రతో తిప్పితే రెండు రోజుల్లో జీవామృతం అనే ద్రవ ఎరువు సిద్ధమవుతుంది. పదింతల నీరు కలిపి వారం లోపు వాడేయాలి. ఒంగోలు ఆవులు పుట్టిన ఈ ప్రాంతంలో పేడ కోసం దూరం వెళ్ళనక్కరలేదు.

ఏ నీళ్ళు పోయాలి, ఏవి పోయకూడదు

తాగునీటి శుద్ధి యంత్రం నుంచి బయటికి పోయే నీళ్ళను వృథా చేయకూడదన్న మంచి ఉద్దేశంతో నేను ఒక వేసవి అంతా కరివేపాకు కుండీకి పోశాను. జూన్ నాటికి ఆకుల కొసలు గోధుమ రంగుకు మాడిపోయాయి. కుండీ అంచు చుట్టూ, మట్టి మీద తెల్లటి పొర కట్టింది. వేలితో గీరి నాలుకకు తాకిస్తే ఉప్పు. కారణం చిన్న లెక్కలో తెలుస్తుంది. లీటరుకు 800 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని యంత్రం తీసుకుని, మూడు లీటర్లలో ఒక లీటరును మంచినీరుగా ఇస్తే, ఆ ఉప్పంతా మిగతా రెండు లీటర్లలోకి చేరి లీటరుకు 1,200 మిల్లీగ్రాములకు దగ్గరవుతుంది. కుండీలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది, రోజు రోజుకూ పేరుకుంటుంది. ఆ నీళ్ళను నేల తుడవడానికి, మరుగుదొడ్డిలో పోయడానికి వాడుకోండి, మొక్కలకు వద్దు.

ఇలా దెబ్బతిన్న కుండీని బాగుచేయడానికి ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఉపయోగపడుతుంది. అది గాలిలోని తేమ చల్లబడి దిగిన నీరు కనుక అందులో ఉప్పు దాదాపు ఉండదు. మన తీరపు ఉక్కలో ఒక రాత్రికి సగం బకెట్టు సులభంగా నిండుతుంది. తెల్ల పొరను గీరి పారేసి, కుండీ పరిమాణానికి రెండింతల నీటిని నిదానంగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనిస్తే ఉప్పు కొట్టుకుపోతుంది. నా కరివేపాకు రెండు నెలల తరువాత కొత్త చిగురు వేసింది. వాన నీటితో ఇదే పని ఇంకా బాగా జరుగుతుంది. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఏ రోజువి ఆ రోజే పోయాలి. నిలవ చేస్తే పులిసి దోమలు చేరతాయి. సబ్బు నీళ్ళు కుండీలకు పనికిరావు.

పాత వస్తువుల విషయం క్లుప్తంగా చెబుతాను. కడిగిన పాల కవర్లు అడుగున రెండు రంధ్రాలతో నారు సంచులుగా బాగుంటాయి. బియ్యం సంచులను కుండీలుగా వాడితే ఎండకు ఏడాదిలో పీలికలై ఆ ప్లాస్టిక్ పోగులు మట్టిలో కలుస్తాయి కనుక ఆకు దాచడానికే ఉంచండి. పురుగుమందు డబ్బాలను ఎంత కడిగినా వాడకూడదు. చిరిగిన నూలు చీరను రోహిణి కార్తెలో నాలుగు కర్రలకు కట్టి నీడ పట్టవచ్చు, తరువాత దానినే చించి టమాట కొమ్మలకు మెత్తటి కట్లుగా వాడవచ్చు. టెంకాయ చిప్పలు, పళ్ళేలు, మగ్గులు వానలో వెల్లకిలా వదిలేస్తే డెంగీ దోమకు వారం రోజుల నిలవ నీరు చాలు, వాటిని బోర్లించండి.

ఎరువు వాడే కాలం

కుండలను మార్చిలో, కొత్త ఆకుతో మొదలుపెట్టండి. అప్పుడు మొదటి కుండ ఎరువు జూన్, జులై నాటికి, రెండోది సెప్టెంబరుకు చేతికి వస్తాయి. వేసవిలో ఎరువు వేయడం కంటే, ఉన్న మొక్కల మొదట్లో రెండంగుళాల ఎండుటాకు పరచి తేమ కాపాడడం ముఖ్యం. సెప్టెంబరులో కుండీల మట్టిని తిరగదోడి, రెండు పాళ్ళ మట్టికి ఒక పాలు ఎరువు, కుండీకి ఒక గుప్పెడు వేపపిండి కలిపి ఉంచితే వానలకు సిద్ధంగా ఉంటుంది. పెరుగుతున్న మొక్కకు నెలకొకసారి రెండు గుప్పెళ్ళు, కాండానికి తగలకుండా అంచు వెంట వేసి మట్టి కప్పాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటక ముందు నెల్లూరులో కురిసినట్టు కుండపోత వాన వస్తుందన్నప్పుడు, కంపోస్టు కుండలకు రేకు కప్పి బరువు పెట్టండి, కుండీలకు కొత్తగా ఎరువు వేయకండి. వేసినదంతా తూములో కొట్టుకుపోతుంది.

చిన్న కుండలు పెద్ద దిబ్బ అంత వేడెక్కవు కనుక అందులో పడిన టమాట, గుమ్మడి గింజలు చావవు. అక్టోబరు తొలి జల్లులకు, ఎరువు వేసిన ప్రతి కుండీలో అడగకుండానే టమాట నారు లేస్తుంది. పీకి పారేయకండి. నాలుగాకులు వచ్చాక బలమైన వాటిని తడి మట్టితో సహా తీసి పాల కవర్లలో నాటి, పది రోజులు నీడలో పెట్టి, వాన తెరిపి ఇచ్చిన ఒక సాయంత్రం కుండీకి ఒకటి చొప్పున నాటుకోండి. సంక్రాంతికి కాయలు కోసుకోవచ్చు.